గేటు దగ్గరి నల్లా

ఆగడమంటే నాకు చేతకాదు. బస్సు మలుపు తిరగకముందే సంచి భుజాన వేసుకుని రోడ్డు మీద నిలబడే రకం నేను. అలాంటి నా ముందు ఫ్రిజ్ దించిన షాపువాళ్లు, "ఆటోల పండవెట్టి తెచ్చినం సార్. లోపలి ఆయిల్ కుదురుకోవాలె. నాలుగు గంటలు కరెంటు పెట్టకుండ్రి" అని చెప్పి చక్కా పోయారు. ఇక ఆ నాలుగు గంటలు నేను హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుతూనే ఉన్నాను.

తలుపుకే నీళ్లొచ్చే ఫ్రిజ్ అది. గ్లాసు ఆనిస్తే చాలు, చల్లటి నీళ్లు పడతాయి. వెనక సన్నటి పైపు ఉంటుంది. దాన్ని మంచినీళ్ల లైనుకు కలపాలి. ఆ పని మాది కాదు, ప్లంబర్‌ను పిలిపించుకోండని కూడా వాళ్లు చెప్పారు.

ఇంత హడావుడి నా భార్య కుడి భుజం కోసం. మూడు నెలలుగా ఆ చేయి పైకి లేవడం లేదు. జడ వేసుకోవడానికి కూడా కూతురు ఉంటే బాగుండు అనుకునేంత నొప్పి. నాగర్‌కర్నూలులో ఆమె చెల్లెలి ఇంటి దగ్గర ఎముకల డాక్టరు ఉన్నాడంటే మొదటిసారి నేనే తీసుకుపోయాను. డాక్టరు చేయి ఎత్తించి, దించి, "ఏమన్న బరువులు మోస్తవా అమ్మా? ఎప్పుడన్న పడ్డవా?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "ఏం మోస్తది సార్, ఇంట్లనే ఉంటది. పడుడు గిట్ట ఏం లేదు." ఎవరిని ఏమడిగినా జవాబు నేనే చెప్పడం నాకు అలవాటు. డాక్టరు అదే రాసుకున్నాడు. మందులిచ్చాడు, వారం వారం వచ్చి భుజానికి కరెంటు పెట్టించుకోమన్నాడు. తర్వాత చెల్లెలే తోడు పోతోంది.

నీళ్ల బాటిళ్లు నింపడం, ఫ్రిజ్‌లో పెట్టడం, తీయడం, ఆమె చేతికి చేటు ఇదేనని నాకు నేనే తేల్చేసుకున్నాను. అందుకే ఈ ఫ్రిజ్. ఆమె చెల్లెలి దగ్గరికి పోయి రెండు రోజులైంది. సాయంత్రం ఐదు గంటల బస్సుకు వనపర్తిలో దిగుతుంది. ఆలోపు గ్లాసులో నీళ్లు పడాలి. నా పట్టుదల అది.

పదకొండింటికి ప్లంబర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, గడ్డం సగం నెరిసింది, మాట నెమ్మది. ఆ నెమ్మదే నాకు ఒళ్లుమంట. ఫ్రిజ్ వెనక చూశాడు, సింకు దగ్గరి రెండు నల్లాలూ చూశాడు.

"మంచినీళ్ల నల్లా ఏది సార్?"

"గిదే, కుడిదిక్కుది" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

అతను తిప్పి, దోసిట్లో పట్టి, నోట్లో పోసుకుని సింకులో ఉమ్మేశాడు. "గిది బోరు నీళ్లు సార్. ఉప్పగున్నయి."

"అయితే ఎడమదిక్కుది."

అదీ ఉమ్మేశాడు. నాకు కోపం వచ్చింది. "ఇరవై ఏండ్లసంది గీ ఇంట్ల తాగుతున్న. నాకు తెల్వదా?" అన్నాను. అతను గ్లాసులో పట్టి నా చేతికిచ్చాడు. తాగాను. ఉప్పన. ఇరవై ఏళ్లలో ఆ నల్లా నీళ్లు నేను నోట్లో పోసుకోవడం అదే మొదలు.

"ఇవి పెడితే ఫ్రిజ్ ఫిల్టరు నెలకే పోతది. మీరు తాగే నీళ్లు యాడికెళ్లి వస్తయి సార్?"

వంటింటి గట్టు మీద బిందెలు రోజూ నిండుగా ఉంటాయి. అవి ఆ నల్లాలోంచే నిండుతాయని నేను అనుకున్నాను. నిజానికి అనుకోనూ లేదు, ఆలోచించనే లేదు. అతను మేడెక్కి ట్యాంకు చూశాడు, గోడ వెంట పైపులు చూశాడు. వెనకాలే నేను, "దొరికిందా, దొరికిందా" అంటూ. చివరికి గేటు దగ్గర ఆగాడు. అక్కడ మూరెడు ఎత్తున ఒక నల్లా ఉంది. దాని కింద గచ్చు మీద బిందె అడుగంత గుండ్రటి గుంట పడింది.

"సర్కారు నల్లా లైను గీడనే ఆగింది సార్. లోపటికి పోనే పోలేదు. సూడుండ్రి, బిందె పెట్టి పెట్టి గచ్చు అరిగింది." కొంచెం ఆగి, "ఎవరు మోస్తరు సార్?" అన్నాడు.

ఎవరిని ఏమడిగినా జవాబు చెప్పే నేను వంగి ఆ గుంటను చేత్తో తడిమాను. ఆ నల్లా రోజు విడిచి రోజు తెల్లవారుజామున వస్తుంది. ఆ వేళకు నేను పాలిటెక్నిక్ వైపు నడకకు పోతాను, ఆరోగ్యానికి మంచిదని. తిరిగొచ్చేసరికి చాయ్ తయారుగా ఉంటుంది. ఇల్లు కట్టిన కొత్తలో ఆమె, "ఒక పైపు లోపటికి తెప్పియ్యరాదా" అని రెండు మూడుసార్లు అడిగింది. చూద్దాం అన్నాను. అది ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

గేటు దగ్గర చిన్న తొట్టి కట్టి, మోటారు పెట్టి, లోపలికి పైపు లాగాలట. మూడు రోజుల పని. ప్లంబర్ కొలతలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఐదున్నరకు ఆమె వచ్చింది. ఫ్రిజ్ ముందు నిలబడి, ఎడమచేత్తో గ్లాసు ఆనించింది. ఏమీ పడలేదు.

"మంచినీళ్ల లైను లోపటికి లేదంట" అన్నాను.

"లేదు" అంది ఆమె, చీర మార్చుకోవడానికి లోపలికి పోతూ.

మర్నాడు నల్లా వచ్చే రోజు. నేను నడకకు పోలేదు. ఆమె బిందెను ఎడమ చంకన పెట్టుకుని గేటు వైపు పోతుంటే చేతిలోంచి లాక్కున్నాను. మొదటి బిందెకే నడుము పట్టేసింది. మూడో బిందెతో వంటింటి గడప దాకా వచ్చేసరికి వెనకనుంచి ఆమె అంది.

"గడపకాడ జర పైలం. తడి ఉంటె కాలు జారుతది."

"నువ్వు జారినవా?"

"రెండుసార్లు. రెండోసారి పడ్డప్పుడే గీ చెయ్యి పట్టుకుంది."

బిందెతోనే ఆమె వైపు తిరిగాను. "మరి డాక్టరుకు ఎందుకు చెప్పలే?"

"మీరు చెప్పిన్రు గద, ఏం మోయదని, పడలేదని. మీరు చెప్పినంక నేనేం చెప్త?"

నీళ్లు ఒలికి నా పాదాల మీద పడుతున్నాయి. బిందె గట్టు మీద దించి, "సోమవారం దవాఖానకు నేను గూడ వస్త. నువ్వే చెప్పు. నేను నోరు తెరువ" అన్నాను.

ఆమె ఖాళీ బిందె ఒకటి నా చేతికిచ్చింది.

"చూద్దాం" అంది.