సప్పుడు చెయ్యని ఆకు

పోయిన ఎండకాలం ఎల్లారెడ్డిలో ఒక డాబా మీద లేజర్ యంత్రం పెట్టి, ఆకాశంలో ఎంత ఎత్తున ఎంత తేమ ఉందో కొలిచే పని చేసిన. ఒక మధ్యాహ్నం మబ్బు తునక లేదు, తెర మీద మాత్రం దట్టమైన తేమ పొర కనబడ్డది. యంత్రం అద్దానికి చెమ్మ పట్టిందనుకొని, లేజర్ ఆపి తుడిచిన. పొర ఇంకింత కిందికి దిగింది. మళ్లీ తుడిచిన. మళ్లీ దిగింది.

"మిషన్ ఖరాబైంది," అన్న.

కింద బీడీలు చుట్టే ఇంటి అవ్వకు చూపు లేదు. తునికాకును చెవి దగ్గర నలిపింది. "ఆకు చెమ్మకు మెత్తబడ్డది, సప్పుడు చేస్తలేదు బిడ్డా. మిషన్ మంచిగనే ఉన్నది. మావోళ్లను వాకిట్ల ఆరబోసిన వడ్లు ఎత్తుమను."

ఎక్కడా పిట్ట అరుస్తలేదు. అయినా నవ్వి, ఎవరికీ చెప్పకుండ మూడోసారి అద్దం తుడిచిన. వెనుక నుంచి మబ్బు కమ్మింది చూడనేలే; ఆ తుడిచే చేతి మీదనే రాళ్లవాన మొదటి రాయి పడ్డది.

వడ్లన్నీ తడిసినయి. ఇప్పటికీ ఆ అద్దం తుడిచే ముందు ఒక తునికాకును చెవి దగ్గర నలిపి చూస్త.