యాదమ్మ మేడం వద్దన్న ఏనుగు

పొద్దున బస్సులో ఒక పాత చదరంగం ఆటను ఫోన్‌లో నాలుగుసార్లు చూశాను. నూటయాభై ఏళ్లు దాటిన ఆట. తెల్లపావుల ఆయన ఒక శకటును, రెండు ఏనుగులను, చివరికి మంత్రిని కూడా వదిలేసుకుని, మిగిలిన రెండు గుర్రాలతో, ఒక్క శకటుతో నల్లరాజుకు దారి లేకుండా చేస్తాడు. నాలుగోసారి కూడా ఒళ్లు పులకరించింది.

ఆ ఊపులోనే మధ్యాహ్నం కల్వకుర్తిలోని మా బడి స్టాఫ్‌రూంలో హిందీ టీచర్ యాదమ్మ మేడంతో ఆటకు కూర్చున్నాను. ఓడినవాళ్లు ఆదివారం ప్రత్యేక తరగతి తీసుకోవాలని పందెం. కాసేపటికే నా ఏనుగును తీసుకెళ్లి ఆమె మంత్రి ముందు పెట్టాను. ఆమె దాన్ని చంపితే నాలుగు ఎత్తుల్లో నాదే గెలుపు. ఆమె ఏనుగును చూసింది, నన్ను చూసింది, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తీసుకోండి మేడం, ఏం కాదు" అన్నాను.

"నిన్న ఒక్క బిస్కెట్ అడిగితే ఇయ్యలే సార్ మీరు. ఇయ్యాల ఏనుగునే ఊకె ఇస్తున్నరంటే నాకు జర భయమైతాంది" అని ముందు తన రాజును మూలకు జరుపుకుంది. నేను పౌరుషానికి పోయి ఏనుగును అక్కడే ఉంచాను. ప్రమాదం తప్పాక ఆమె దాన్ని నింపాదిగా తీసుకుంది. అరగంటలో ఓడిపోయాను.

ఆ పాత ఆటలో గెలిచినాయననే అందరూ మెచ్చుకుంటారు. నేను మాత్రం ఈ రోజు, ఇచ్చిందల్లా నమ్మకంగా పుచ్చుకున్న ఆ నల్లపావుల ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను. అంత మంచి మనిషి మీకెక్కడైనా కనిపిస్తే దయచేసి నా దగ్గరికి పంపండి.