పీటముడి అల్లిన ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లు

మా తోడికోడలు ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లు అల్లుతుంది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నవ్వరూ మరి! ఆవిడకు స్నేహితురాలన్నది ఈ భూమ్మీద ఒక్కతీ లేదు. పాలవాడితో పోట్లాట, పక్కింటివాళ్లతో పోట్లాట, మేడమీద బట్టలు ఆరేసుకునే తీగ కోసం పోట్లాట. వీధంతా కలిసి ఆవిడకు పెట్టిన పేరు పీటముడి. గోళ్లతో గీకినా, పళ్లతో లాగినా విడిపోని రకమని. ఆ పేరు ఆవిడకూ తెలుసు. "పెట్టుకోనీ, ఊడిపోయే ముడికంటే నయం" అంటుంది.

నాకు ఆవిడంటే పడదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను అనకండి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే, నేను మడతపెట్టిన దుప్పటి నా కళ్లముందే విప్పి మళ్లీ మడతపెట్టింది. నేను తోమిన గిన్నె ఇప్పటికీ మళ్లీ తోముతుంది. బావగారు పోయాక కాస్త మెత్తబడుతుందేమో అనుకున్నాం. ఎక్కడిది! అంతకుముందు ఇద్దరికి పంచే తిట్లన్నీ మొత్తంగా నాకే వచ్చిపడ్డాయి.

పైగా ఇద్దరం పనిచేసేది ఒకేచోట. బహుమతుల షాపు వెనక గది. ఒక కిటికీ, పొడవాటి బల్ల, గోడనిండా మేకులు, మేకులకు రంగురంగుల దారపు కట్టలు. దారాల కొసలు చెక్కపలకకు క్లిప్పుతో పట్టించి, మిగతా పొడవు కిందికి వదిలి, ఎడమనుంచి కుడికి ఒక్కొక్క ముడీ వేసుకుంటూ పోవాలి. చూడడానికి చిన్నపిల్లల ఆట. కూర్చుని చేస్తే తెలుస్తుంది, తల ప్రాణం తోకకొస్తుంది.

నా బ్యాండ్లకు అంచు నిలవదు. ఒకచోట ఉబ్బు, ఒకచోట నొక్కు. షాపు నడిపే ఆవిడ వాటిని రెండువేళ్లతో ఎత్తిపట్టి చూసి, ఒక్క మాట అనకుండా తగ్గింపు ధర బుట్టలో పడేసేది. ఆ అనకపోవడమే నాకు ఒళ్లు మండించేది. పీటముడి బ్యాండ్లు మాత్రం అద్దాల అలమరలో, లైటు కింద. గీత గీసినట్టు అంచు. ముందువైపు ఎంత శుభ్రమో వెనకవైపూ అంతే. ఏం మాయ చేస్తుందో చూద్దామంటే చూడనిస్తేగా! నేను కిటికీకేసి కూర్చుంటే ఆవిడ గోడకేసి తిరిగి, పలక ఒళ్లో పెట్టుకుని అల్లుతుంది.

ఒకసారి సిగ్గు విడిచి అడిగాను. "అక్కా, ఆ అంచు ఎలా వస్తుందో కాస్త చూపించవూ?"

"చూపిస్తే?"

"నేర్చుకుంటాను."

"నేర్చుకుని నా కుర్చీలో కూర్చుంటావా?" అని వీపు తిప్పేసింది.

ఆ కుర్చీ గొడవేమిటో మా అత్తగారు చెప్పగా విన్నాను. బావగారు ఉన్న రోజుల్లో పీటముడి నూలు మిల్లులో తెగిన పోగులు ముడివేసే పని చేసేదట. ఆవిడ వేసిన ముడి యంత్రంలో ఎక్కడా తట్టుకోకుండా జారిపోయేదట. కొత్తగా ఒక పిల్ల పనిలో చేరితే పక్కన కూర్చోబెట్టుకుని, తన డబ్బాలోది తినిపించి మరీ నేర్పిందట. ఆ పిల్లకు చెయ్యి తిరగగానే సూపర్‌వైజరు వచ్చి, "ఇక ఈ పిల్ల చాలు, నువ్వు ఇంటికెళ్లు" అన్నాడట. ఆ పిల్ల తలెత్తి కూడా చూడలేదట. అప్పటినుంచి ఆవిడ ఎవరికీ ఏదీ నేర్పలేదు. విన్నప్పుడు అయ్యో అనిపించింది. కానీ మధ్యలో నేనేం చేశాను? అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మిల్లు పిల్ల మీద కోపం నామీదా?

ఇలా ఉండగా షాపుకు స్కూళ్లనుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. షాపావిడ కొంతమంది ఆడపిల్లల్ని కొత్తగా పనిలో పెట్టుకుని, అందరినీ వెనక గదిలోకి తోలుకొచ్చింది. పీటముడితో, "వీళ్లకు మీ ముడి నేర్పండి" అంది.

"నేను అల్లుతానండి. నేర్పను."

"మీరొక్కరే ఎన్ని అల్లుతారు?"

"ఎన్నయితే అన్ని."

షాపావిడ నవ్వింది. ఆవిడ నవ్వితేనే భయపడాలి. "ఆర్డరు పూర్తవ్వాలంటే నాకు నేర్పేవాళ్లు కావాలి. మీకు ఇష్టం లేకపోతే రేపటినుంచి రాకండి."

ఈ పని పోతే పీటముడికి ఇంకో దిక్కు లేదు. ఈ వయసులో మిల్లు తీసుకోదు, ఆ నోరు చూసి ఇంకెవరూ తీసుకోరు. ఇంట్లో కూర్చుంటే మా ఆయన పెట్టింది తినాలి. "మరిది పెట్టిన కూడు తినేకంటే మట్టి తింటాను" అని ఎన్నిసార్లందో. అయినా దిగిరాలేదు. గోడనే చూస్తూ కూర్చుంది. ఏం మొండితనమమ్మా అది!

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇన్నాళ్లూ ఆవిడ మోచేతి సందులోంచి తొంగిచూసి నాలుగు ముక్కలు ఏరుకున్నానుగా. "నాకు వచ్చండీ, నేను నేర్పుతాను" అనేశాను. పీటముడి చటుక్కున నావైపు తిరిగి చూపులతోనే మాడ్చేసింది.

పిల్లలు నా చుట్టూ మూగారు. మొదటి వరస బాగానే వచ్చింది. రెండో వరసలో ఎర్రగా ఉండాల్సిన ముడిలోంచి పసుపు బయటపడింది. ఆ తర్వాత అంచు లోపలికి పోయింది. "ఇదేం కాదు, సర్దుకుంటుంది" అంటూ గట్టిగా లాగాను. బ్యాండు మొత్తం ఒకపక్కకు మెలితిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఛీ! ఆపు!"

పీటముడి లేచి వచ్చింది. భుజంతో నన్ను ఒక్క తోపు తోసి నా కుర్చీలో కూర్చుంది.

"కళ్లు ఎక్కడ పెట్టుకున్నావే? దారాన్ని పక్కకు లాగుతావేంటి? పైకి లాగు, క్లిప్పు వైపు!" పసుపు దారాన్ని నిటారుగా బిగించి పట్టుకుంది. "ఇది కదలకూడదు. ఇది నిలబడితేనే ఎరుపు దీన్ని చుట్టుకుంటుంది. నువ్వు దీన్ని వదిలేసి ఎరుపుని బిగబట్టావు, అందుకే పసుపు బయటపడింది. ఒక్కో ముడికి రెండు చుట్లు. మొదటి చుట్టు పైదాకా పోయి కూర్చున్నాకే రెండోది. నీకేమో తొందర, అది దారిలో ఉండగానే రెండోది వేస్తావు. ఆ సందులన్నీ అందుకే. ఇక అంచుకొచ్చేసరికి పళ్లు కొరికి లాగేస్తావు, నీ కోపమంతా అక్కడే చూపిస్తావు. మధ్యలో ఎంత లాగావో అంచులోనూ అంతే లాగాలి. తప్పు పడిందా, సూది మొనతో విప్పు. సర్దుకుంటుందట, సర్దుకుంటుంది! ఎవరు సర్దుతారే దాన్ని, మీ తాతా?"

తిడుతూనే ఉంది, అల్లుతూనే ఉంది. నేను వేసిన చెత్తంతా విప్పి అదే దారంతో మళ్లీ అల్లింది. పిల్లల తలలన్నీ బల్లమీదికి వంగాయి. "ఏయ్, పొట్టిజడా, నువ్వు వెయ్యి. పైకి అన్నానా? వేళ్లా అవి, కొయ్యముక్కలా?" ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని వేయించింది. తప్పుముడి కళ్లముందు ఉంటే ఆవిడకు ఊపిరాడదు, అంతే. నేర్పనన్న సంగతే మరిచిపోయింది. మధ్యాహ్నానికి పొట్టిజడ పిల్లకు అంచు తిన్నగా వచ్చింది. దాదాపుగా నాకూ వచ్చింది. అబద్ధమెందుకు, ఆ బ్యాండు చూసుకుని నేను మురిసిపోయాను.

షాపావిడ వచ్చి ఒక్కొక్కటీ తిప్పి చూసింది. పీటముడి వైపు తిరిగి, "చాలా థ్యాంక్సండీ. ఇక మీరు ఇంటికెళ్లి రెస్టు తీసుకోండి" అంది. "వీళ్లకు వచ్చేసింది కదా. మీ నోటికి ఈ పిల్లలు నాలుగురోజులు కూడా నిలవరు. మీ చెల్లెలు మెత్తనిది, ఇక తను చూసుకుంటుంది."

కారే కుళాయిని కూడా తిట్టకుండా వదలని అక్క నోరు తెరవలేదు. చేతిలో సూది బల్లమీద పెట్టింది. పిల్లలవైపు చూసింది. ఒక్కరూ తలెత్తలేదు.

"తిట్టక్కా!" అంటూ లేచి నిలబడ్డాను. "ఆవిణ్ణి తిట్టు! ఇన్నేళ్లూ నన్ను తిట్టావు కదా, ఆవిణ్ణి ఒక్క మాట అనలేవా?"

అక్క వంగి చెప్పులు వేసుకుంటోంది. "నువ్వంటే ఇంటిదానివి" అంది నేలవైపు చూస్తూ.

ఆవిడ తిట్టకపోతే నేనే తిట్టాను. "సిగ్గుందా మీకు? చేతులు పట్టి నేర్పిన మనిషినే గుమ్మం బయటికి నెడతారా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే! మీ బ్యాండ్లు మీరే అల్లుకోండి! మీ అంచులు మీరే చూసుకోండి!" ఇంకా చాలా అన్నాను. సగం మాటలు అక్క నామీద వాడేవే. అంతలో ఏడుపు తన్నుకొచ్చింది, చివరి తిట్లు ఏమన్నానో నాకే తెలియలేదు. బయటికి వచ్చేశాను.

అలా ఇద్దరికీ పని పోయింది. వీధి మలుపుదాకా అక్క ముందు విసవిసా నడిచింది. నేను చేత్తో ముక్కు తుడుచుకుంటూ వెనకాల నడుస్తున్నాను.

"ఏడుస్తూ తిడితే ఎవరికీ తగలదే" అంది ఉన్నట్టుండి. "అన్ని తిట్లూ దండగ చేశావు. అయినా నా తరఫున మాట్లాడమని నిన్నెవరడిగారు? చేతిలో పని పోగొట్టుకున్నావు, మొద్దుమొహమా."

"నువ్వు తిట్టలేదుగా మరి!"

"నోర్మూసుకుని నడు. షాపులు ఇదొక్కటేనా? కానీ నీ అంచులు చూస్తే ఎవరు కొంటారు? రేపు పొద్దున్నే నా గదిలోకి రా. అది తిన్నగా వచ్చేదాకా నిన్ను లేవనివ్వను."

వెళ్లాను. తలుపు తీసీ తీయకముందే మొదలుపెట్టింది, మధ్యాహ్నందాకా తిడుతూనే ఉంది.