డాబా మీది యాంటెన్నా

మొన్న పక్కింటి డాబా మీద ట్యాంకు బాగు చేస్తున్న ప్లంబరు కిందవాళ్ళని "వచ్చిందా? వచ్చిందా?" అని అరుస్తుంటే, పెరట్లో గోంగూర వలుస్తున్న నా చేతులు ఆగిపోయాయి. అతను అడిగింది కుళాయిలో నీళ్ళ గురించే, నాకు మాత్రం మా అత్తవారి డాబా గుర్తొచ్చింది. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఉత్తరాలు తప్ప ఏదీ రాసి ఎరగను, కానీ ఇది రాయకపోతే నాతోనే పోతుందనిపించి మనవరాలి నోటు పుస్తకంలో రాస్తున్నాను.

మా అత్తవారి ఊరు తణుకు పక్కన. నేను కాపురానికి వెళ్ళేసరికే ఆ ఇంట్లో టీవీ ఉంది, డాబా మీద ఇనప పైపుకి కట్టిన యాంటెన్నా ఉంది. మీకూ గుర్తుండే ఉంటుంది, కాకి వాలినా గాలి వీచినా బొమ్మ చెదిరిపోయి తెరంతా చుక్కలు, ఒకటే గరగర. అప్పుడు మా మామగారు పంచె ఎగగట్టి డాబా ఎక్కేవారు. మా అత్తగారు హాల్లోంచి గొంతెత్తి "ఏమండోయ్, కాస్త పంచదార ఫ్యాక్టరీ గొట్టం వైపు తిప్పండి" అనేవారు. ఆయన పైనుంచి "వచ్చిందా?" అనేవారు. "వచ్చి పోయిందండీ, మీ చేతికి నిలకడేదీ!" అని ఈవిడ ఎత్తిపొడిచేవారు. బొమ్మ కుదురుకున్నాక "చాలు, ఇంక దిగండి" అనేవారు. రోజంతా ఒకే అరుగు మీద కూర్చున్నా పెద్దగా మాట్లాడుకోని ఆ భార్యాభర్తలు అంత గట్టిగా, అంత చనువుగా మాట్లాడుకునేది ఆ కాసేపే.

ఒక వేసవిలో మామగారు గుండెనొప్పితో పోయారు. పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం, మా ఆయన పొలంలో ఉన్నారు, నేను వంటింట్లో ఉన్నాను, అత్తగారు చూస్తున్న సీరియల్లో బొమ్మ పోయింది. ఆవిడ అలవాటు కొద్దీ పైకి చూసి "ఏమండోయ్, కాస్త తిప్పండి" అన్నారు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పైన పైపు కిర్రుమంది. గరగర ఆగి టీవీలో మాటలు వినిపించాయి. "చాలు" అన్నారావిడ, ఏమీ జరగనట్టే.

గాలి అనుకున్నాను. రెండోసారి అలా అనుకోవడానికి లేదు, కొబ్బరాకు కూడా కదలడం లేదు. మూడోసారి ధైర్యం చేసి మెట్లెక్కి చూశాను. డాబా మీద ఎవరూ లేరు. మిట్టమధ్యాహ్నం ఎండకి పైపంతా చుర్రుమని కాలుతోంది గాని, మనిషి చెయ్యి పట్టే చోట మాత్రం చల్లగా ఉంది.

ఇంకోటి గమనించాను. ఆవిడ చాలు అంటున్నారే తప్ప, దిగండి అనడం లేదు. ఒకరోజు ఉండబట్టలేక ఎందుకని అడిగేశాను. ఆవిడ నన్నొకసారి చూసి "దిగి ఎక్కడికెళ్తారే అమ్మాయ్?" అన్నారు.

ఆ తర్వాత నాకు అన్నం సయించలేదు. పగలంతా ఆ ఇంట్లో ఉండేది మేమిద్దరమో ముగ్గురమో తెలియడం లేదు. భయమంటే నవ్వుతారని, బొమ్మ సరిగా రావడం లేదని మా ఆయన్ని సతాయించి, అప్పుడప్పుడే ఊళ్ళోకి వస్తున్న డిష్షూ డిజిటల్ పెట్టే తెప్పించాను. ఆవిడకి ఆయనతో మిగిలిన మాట అదొక్కటేనని నాకు తెలుసు. తెలిసే చేశాను.

డిష్ బిగించే మనిషి యాంటెన్నా ఊడదీస్తుంటే అత్తగారు వాకిట్లో నిలబడి "ఇదీ తిప్పుతుండాలా బాబూ?" అని అడిగారు.

"అక్కర్లేదు మామ్మగారూ! ఒకసారి బిగించామంటే ఇంకెవరూ పైకెక్కే పనే లేదండి" అన్నాడతను, శుభవార్త చెప్పినట్టు.

ఆవిడ లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి మెట్ల కింద పెట్టారు. కొంగు సర్దుకుని, ఎప్పుడూ అరిచే గొంతుతో కాకుండా మెల్లగా, "ఇంక చాలండి, దిగండి" అన్నారు. డిష్ మనిషి తననే అనుకుని "ఇదిగో, అయిపోయిందండి" అన్నాడు.

అతను వెళ్ళిపోయాక చెంబు తీద్దామని వెళ్తే ఖాళీగా ఉంది. అతనే కాళ్ళు కడుక్కున్నాడేమో అనుకుందామంటే, బూట్లతో వచ్చి బూట్లతోనే వెళ్ళాడు. గచ్చు మీద తడి అడుగులు వీధి గుమ్మం వైపు ఉన్నాయి. ఇంట్లోకి ఒక్కటీ లేదు.

బొమ్మ అద్దంలా వచ్చింది. ఇరుగుపొరుగు వచ్చి చూసి మెచ్చుకున్నారు. అత్తగారూ రోజూ చూసేవారు, కానీ ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో మళ్ళీ ఏమండోయ్ అన్న పిలుపు నేను వినలేదు. నా భయం పోయింది, దాని చోట ఏదో బరువు వచ్చి కూర్చుంది.

మా ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు పెద్ద వానకి బొమ్మ ఆగిపోతే తెర మీద ఇంగ్లీషు అక్షరాలేవో వస్తాయి, కాసేపటికి దానంతటదే బాగవుతుంది. అప్పట్లో బొమ్మ పోతే ఒక మనిషితో పని పడేది, పిలవాల్సొచ్చేది, ఇప్పుడు ఎవరితోనూ పని లేదు. అత్తగారి దగ్గర నేను లాక్కున్నదేమిటో, ఈ మధ్యాహ్నాలు ఒక్కదాన్నీ కూర్చుంటే గాని నాకు తెలిసిరాలేదు.