పసుపేనని చెప్పాను

2008లో నేను బందరులోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో డ్రెస్సింగ్ రూమ్ చూసేదాన్ని. నెలల తరబడి మానని పుండ్లన్నీ నా దగ్గరికే వచ్చేవి. వాటిలో ఎక్కువ షుగరు పుండ్లే. కట్లు కట్టడం కన్నా మాటలతో మనిషిని ఒప్పించడంలో నాకు పేరుండేది. రోగి మొండికేస్తే డాక్టరుగారు సైతం "సిస్టర్‌ని పిలవండి" అనేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, ఆ గర్వం నాకు కాస్త ఉండేది.

ఆ ఏడు ఒక ఫార్మసీ కాలేజీవాళ్ళు తయారుచేసిన కొత్త డ్రెస్సింగ్‌ని, కావలసిన అనుమతులన్నీ తీసుకుని, మా దగ్గర కొద్దిమందికి వేసి చూస్తున్నారు. చూడటానికి పల్చటి పసుపుపచ్చ గుడ్డ ముక్క. నానోఫైబర్లనే పోగులతో చేసింది. అవి వెంట్రుక కన్నా వందల రెట్లు సన్నగా ఉంటాయి. పసుపులోంచి వేరుచేసి శుద్ధి చేసిన కర్‌క్యుమిన్ అనే పదార్థాన్ని ఆ పోగుల్లో ఇమిడ్చారు. పుండు చెమ్మ తగిలినకొద్దీ అది కొంచెం కొంచెంగా లోపలికి దిగుతుంది. అయిదు రోజులపాటు కట్టు విప్పకూడదు.

నాంచారమ్మ మంగినపూడి వైపు నుంచి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. భర్త లేడు. చేపల గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధుల్లో తిరిగి అమ్మేది. తిరిగితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. కుడికాలి బొటనవేలి కింద పుండు రెండు నెలలైనా మానలేదు. పాదానికి స్పర్శ ఉందో లేదో చూడటానికి మోనోఫిలమెంట్ అనే నైలాను పోగు తీశాను.

"ఇదేంటమ్మా, మా గాలం దారంలాగుంది?" అని నవ్వింది.

"కళ్ళు మూసుకో పిన్నీ. ఎక్కడ తగిలితే అక్కడ చెప్పు."

అయిదారు చోట్ల ఆనించాను. ఆమె ఓపిగ్గా కళ్ళు మూసుకునే ఉంది. "ఎప్పుడు పెడతారమ్మా?" అంది.

డాక్టరుగారు కొత్త డ్రెస్సింగ్ గురించి వివరంగా చెప్పారు. నాంచారమ్మ బెదిరింది. "కొత్త మందా? నా కాలు మీదే చూడాలా బాబూ?" అంది. నేను ఊరుకోలేదు.

"కొత్తదేం కాదు పిన్నీ. ఇది మన పసుపే. గుడ్డలో పెట్టి ఇచ్చారంతే."

ఆమె ముఖం విచ్చుకుంది. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అంటూ ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసింది.

రెండు కట్లకే గుణం కనిపించింది. పుండు అడుగున దానిమ్మ గింజల్లా ఎర్రటి కొత్త కండ మొలిచింది. దాన్ని గ్రాన్యులేషన్ అంటాం. ఇంకో నెల కాలు మోపకుండా ఉంటే గంప ఎత్తుకోవచ్చన్నారు డాక్టరుగారు. మూడో కట్టు కట్టి ఇంటికి పంపాను.

అయిదో రోజు వచ్చింది. కట్టు విప్పగానే లోపలంతా ఎర్రగా కనిపించింది. రక్తమనుకున్నాను. కాదు, పసుపులో సున్నం కలిస్తే వచ్చే పారాణి ఎరుపు. మేము పెట్టిన గుడ్డ లేదు. చుట్టూ చర్మం నల్లగా కమిలిపోయింది. కొత్త కండ జాడే లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. గదిలో నలుగురూ ఉండగానే అరిచాను.

"బుద్ధుందా నీకు? విప్పొద్దని చెప్పానా లేదా?"

నాంచారమ్మ నా ముఖంలోకి చూసింది. "మొన్న అంచు జరిపి చూస్తే గుడ్డ తెల్లబడిపోయిందమ్మా. పసుపు అయిపోయిందనుకున్నా. జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే మేం పసుపూ సున్నమూ కలిపి పెట్టుకుంటాం. అదే పెట్టి, మీరు కట్టినట్టే కట్టుకున్నా. మీరు పసుపేనన్నారుగా."

"మంట పుట్టలేదా?"

"ఏం తెలీలేదమ్మా."

ఎలా తెలుస్తుంది? ఆ పాదానికి స్పర్శ లేదని తేల్చింది నేనే. రెండు రోజులపాటు సున్నం పచ్చి పుండును కాలుస్తుంటే, ఆమె హాయిగా నిద్రపోయింది. అయినా ఆ రోజు ట్రయల్ ఫారంలో నేను రాసిందేమిటో తెలుసా? 'రోగి సూచనలు పాటించలేదు.'

వారం రోజులు ప్రయత్నించారు. చీము ఎముక దాకా పోయింది. చివరికి పాదం ముందు భాగం తీసేయాల్సి వచ్చింది. ఆపరేషన్ అయిన సాయంత్రం డాక్టరుగారి గదికి వెళ్ళి, ఫారంలో నేను రాసింది అబద్ధమని, పసుపేనని నమ్మించింది నేనేనని చెప్పాను. ఆయన ఆ ఫారం తెప్పించారు.

"నేనూ పక్కనే ఉన్నాను కదా సిస్టర్. మీరలా చెప్తే నాకూ బాగానే అనిపించింది" అన్నారు. నా వాక్యం కొట్టేసి, 'సూచనలు సరిగ్గా చెప్పలేదు' అని రాసి, ఇద్దరి సంతకాలూ పెట్టించారు.

చివరి కట్టు మార్చేనాడు నాంచారమ్మతోనూ చెప్పాను. "తప్పు నాదే పిన్నీ." నా కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏడవకమ్మా. మీరు నా మంచికేగా చెప్పారు" అంది. మళ్ళీ తనే, "ఒక్క మాట. ఇంకెవరికైనా ఇది వేస్తే పసుపని మాత్రం చెప్పకండి. మందంటే భయముంటది, ముట్టుకోం. పసుపంటే మాకు భయమేముందమ్మా?" అంది.

అప్పటినుంచి ఏ మందునైనా, నోరు తిరక్కపోయినా, దాని పేరుతోనే చెప్తున్నాను. చెప్పాక, "ఇంటికెళ్ళి ఏం చేస్తారో ఇప్పుడు మీరు నాకు చెప్పండి" అని అడిగి, పూర్తిగా విన్నాకే పంపుతాను. దీనివల్ల క్యూ పెరుగుతుంది, విసుక్కుంటారు. విసుక్కోనీ. పొద్దున్నే మా వీధిలో "చేపలో" అన్న కేక వినబడితే ఇప్పటికీ గుమ్మంలోకి వస్తాను. అది నాంచారమ్మ కాదని, అయ్యే వీల్లేదని తెలిసే వస్తాను.