తోడల్లుడి ఐదు పాయింట్ తొమ్మిది

తాళాలు బాగుచేసే ఆయనకు తోడల్లుడంటే మొదటినుంచీ కంటగింపే. తాను పెద్దల్లుడు. అయినా అత్తవారింట్లో నవ్వులన్నీ బడి వ్యాను నడిపే చిన్నల్లుడి చుట్టూనే. చివరికి షుగరు కూడా ఇద్దరికీ ఒకే ఏడాది వచ్చింది. అందులోనూ తాళాలాయనే వెనకబడ్డాడు.

ఆయన తీపి మానేశాడు. తెల్లవారకముందే లేచి నడిచేవాడు. పరగడుపున వేలు పొడుచుకుని చూసుకుంటే నూట పదిహేను దాటేది కాదు. అయినా మూడు నెలల సరాసరి చెప్పే పరీక్షలో ఎనిమిది పాయింట్ రెండు వచ్చింది. మిఠాయి పెట్టె ఒళ్లో పెట్టుకుని తినే చిన్నల్లుడికి ఐదు పాయింట్ తొమ్మిది.

“చిన్నబాబుది నిమ్మళమైన మనసు. అందుకే అంత తక్కువ” అంది అత్తగారు.

మర్నాడు ఆ మాట తలచుకుంటూ ఆకురాయి పడితే రెండు తాళంచెవులు పాడయ్యాయి. చిన్నల్లుడు పరీక్షకు ముందు పస్తుండి ఉంటాడేమోనని తాను చూపించుకునే డాక్టరమ్మను అడిగాడు.

“రెండ్రోజుల పస్తుకి ఇది మారదండీ” అందావిడ. “ఎర్ర రక్తకణం మూడు నాలుగు నెలలు బతుకుతుంది. అన్నాళ్లలో దానికి ఎంత చక్కెర అంటుకుందో ఈ పరీక్ష చెప్తుంది. మీరు పొద్దున ఒక్కసారే చూసుకుంటున్నారు. భోంచేసిన రెండు గంటలకి కూడా చూడండి.”

చూస్తే రెండు వందల నలభై. మధ్యాహ్నం పళ్లెం నిండా తిని, కొట్లోనే కునుకు తీసేది తానే కదా. తన తప్పు తెలిసింది గానీ కడుపుమంట చల్లారలేదు.

ఆ ఆదివారం అత్తవారింట్లో భోజనాలైన రెండు గంటలకు జేబులోంచి షుగరు చూసే మిషను తీశాడు.

“తమ్ముడూ, ఏదీ, వేలివ్వు.”

“నాదెందుకులే అన్నయ్యా” అంటూనే అతను చెయ్యి చాపాడు.

మూడు వందల పన్నెండు.

తాళాలాయన ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయిలోనే అతని చెయ్యి వదలబోతూ చూశాడు. గోళ్లు పాలిపోయి ఉన్నాయి. కళ్లు పచ్చబడి ఉన్నాయి. మెట్లెక్కి వచ్చి అతను ఆయాసపడితే నటన అనుకున్నాడు ఇన్నాళ్లూ.

మర్నాడు కొట్టు మూసి, అతన్ని తానే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ మరికొన్ని రక్తపరీక్షలు చేయించింది.

“ఈయన రక్తకణాలు గడువుకి ముందే విరిగిపోతున్నాయి. చక్కెర అంటుకునే వ్యవధే లేదు వాటికి. అందుకే అంత తక్కువ వచ్చింది. ఈయనకి ఆ అంకెని నమ్మకూడదు, వేలు పొడిచి చూసుకోవాల్సిందే.”

బయటికొచ్చాక చిన్నల్లుడన్నాడు. “నువ్వు చూడకపోతే తెలిసేది కాదన్నయ్యా.”

“నిన్ను అందరి ముందూ పట్టిద్దామని చూశాను.”

“తెలుసులే.”

వైద్యం కుదిరి అతను తేరుకున్నాడు. అన్నాళ్లూ అత్తగారు అతని మంచం పక్కనుంచి కదల్లేదు. ఆ తర్వాతి పరీక్షలో తాళాలాయనకు ఏడు పాయింట్ ఒకటి వచ్చింది. కాగితం పట్టుకుని సాయంత్రమంతా అత్తవారింట్లో కూర్చున్నాడు. ఎవరూ ఎంతని అడగలేదు.

“వాడికి జబ్బు కూడా నాకన్నా గొప్పదే వచ్చింది” అన్నాడు ఇంటికొస్తూ భార్యతో.

“ఇంతకీ ఏడు పాయింట్ ఒకటి అంటే మంచిదేనా?” అని అడిగిందామె.

మిగిలిన దారంతా ఆయన దాని గురించే చెప్పాడు.