బంతికి రేకులు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ బట్టల షాపు మీది గదిలో మా సార్ బొమ్మలను కదిలించడం నేర్పేవారు. ఆయనది గుంటూరు వైపు. చుట్టూ కాలనీలు లేస్తున్న రోజులు. ప్లాట్ల ప్రకటనలకు కదిలే బొమ్మలు గీసి సినిమా హాళ్లకు ఇచ్చేవారు. ఆ పనికి, ఆయన దగ్గర నేర్చుకుంటున్న మా ఇద్దరిలో ఒకరినే ఉంచుకుంటానన్నారు. రెండోవాడు బొమ్మల కాలేజీలో చదివాడు. నేను ఏడో తరగతిలోనే బడికి విశ్రాంతినిచ్చినవాణ్ణి. ఇక్కడ కుదరకపోతే ఎల్బీనగర్‌లో మా బావ ఇటుకల లారీ మీద క్లీనరు పని నాకోసం సిద్ధంగా ఉంది.

పరీక్ష ఒక్కటే. "బంతి పైనుంచి పడి, మళ్లీ లేవాలి. బరువు కనపడాలి. సోమవారం తీసుకురండి."

సోమవారం సార్ ముందు రెండోవాడి కాగితాల కట్ట అంచు పట్టుకుని గబగబా వదిలారు. కాగితం కాగితానికీ బంతిని సమాన దూరం జరిపి గీశాడేమో, వాడి బంతి లిఫ్టులో వచ్చినట్టు దిగింది. తర్వాత నా కట్ట. మధ్యలోనే సార్ చేయి ఆగింది.

"ఇదేంటయ్యా?"

"బంతి, సార్."

"బంతిపువ్వయ్యా ఇది."

మా ఇంట్లో ఆడుకునేది చెండు. బంతి అంటే పువ్వు, లేదంటే దావత్‌లో అన్నం తినే వరుస. ఆ వరుసను గీయనందుకు సంతోషించాలి.

"పువ్వులంగడి పెడ్తవా అన్నా?" అని రెండోవాడు నా చెవిలో అన్నాడు.

"పెడ్త. బోణీ నీదే," అన్నాను గానీ చెవుల్లో లారీ హారన్ మోగుతోంది.

సార్ మళ్లీ తిప్పి చూశారు. "పువ్వు పడితే పడే ఉంటుంది. ఇదేంటి ఇట్టా ఎగిరింది?"

"పువ్వు ఎట్ల లేస్తదో సమజ్ కాలే సార్. చెండును గచ్చు మీద ఏసి చూసిన. జోరుగ వొచ్చేకాడ దూరం దూరం గీసిన, పైన ఆగేకాడ దగ్గర దగ్గర. గా గుండ్రం మీద రేకులు పెట్టిన."

సార్ రబ్బరు నా వైపు తోశారు. "రేకులు చెరుపు. గుండ్రం చెరిగిందో, ఇంటికెళ్లు."

గట్టిగా రుద్దితే కాగితం చిరుగుతుంది, మెల్లగా రుద్దితే రేకు పోదు. ఒక్కో కాగితం అయ్యేదాకా ఊపిరి బిగపట్టాను. ఆ పూట నాకు ఒక్క జోకూ తోచలేదు.

సార్ కట్ట అందుకుని వదిలారు. చెండు పడింది, నేల దగ్గర అణిగింది, లేచింది. మధ్యలో ఎక్కడో మర్చిపోయిన రేకు ఒకటి తళుక్కుమని మాయమైంది.

"అది కూడా చెరిపి, రేపు పెందరాళే రా," అన్నారు సార్.

సాయంత్రం ఎల్బీనగర్ పోయి బావతో, "నీ సీటు ఇంకెవరికన్న ఇయ్యి బావా. నాకు చెండుతోని పనుంది," అన్నాను.